వెనక టైర్లలో నీళ్లు పట్టిస్తే లోడర్ ట్రాక్టర్ నిలకడగా ఉంటుందా?

చాలుగీత

అందరికీ నమస్కారం. నాది 45 హెచ్‌పీ టూ వీల్ డ్రైవ్ బండి. వెనక టైర్లు 13.6-28, ట్యూబులున్నవే. ఇన్నాళ్లూ గొర్రు, రోటవేటర్, ట్రక్కు (వెనక తగిలించే ట్రాలీ), ఇంతే పని. ఎప్పుడూ ఇబ్బంది పెట్టలేదు. ఈ మధ్య ముందు లోడర్ (మట్టి ఎత్తే బకెట్, దాని చేతులు) బిగించాను. అప్పట్నుంచీ బండి వేరే బండిలా ఉంది.

బకెట్ నిండా తడి మట్టి ఎత్తితే వెనక భాగం తేలిపోతోంది. స్టీరింగ్ తిప్పాలంటే భుజాలు లాగేస్తున్నాయి. వాలులో దిగుతూ బ్రేకు తొక్కితే వెనక చక్రాలు ఆగుతున్నాయి కానీ బండి ఆగడం లేదు, జారుకుంటూ పోతోంది. మొన్న చెరువు గట్టు వాలు మీద అడ్డంగా పోతున్నాను. బకెట్ కాస్త ఎత్తులోనే ఉంది. పైవైపు వెనక చక్రం నేలను వదిలేసింది. వెంటనే బకెట్ కిందికి వదిలితే మళ్లీ ఆనింది. కానీ ఇప్పుడు ఆ గట్టు పేరెత్తితేనే టెన్షన్.

అడిగిన ప్రతివాళ్లూ టైర్లలో నీళ్లు పట్టించు అంటున్నారు. ఒకరు సగం చాలంటారు, ఒకరు గొంతు దాకా నింపమంటారు, ఇంకొకరు ఉప్పు కలపమంటారు. డిస్కులకు ఇనుప వెయిట్లు బిగిస్తే ఇంకా మంచిదని మరొకరు. ఎవరి మాట వినాలి? నీళ్లు పోస్తే గేర్‌బాక్స్ మీద లోడు పడుతుందా? దుక్కి సీజన్‌లో కూడా అలాగే ఉంచెయ్యొచ్చా?

ట్రక్కుబండి

ఇందులో ఇంత ఆలోచించడానికేముంది బ్రదర్. నీళ్లు పట్టించెయ్. పంపు, పైపు ఉంటే పొద్దున్నే మొదలుపెట్టి మధ్యాహ్నానికి పని అయిపోతుంది. నా బండికి ఏడాది పొడుగునా నీళ్లుంటాయి. లోడుతో ఎత్తు ఎక్కినా చక్రం గిర్రున తిరగదు. వెయిట్లకు డబ్బు దండగ, నీళ్లు ఊరికే వస్తాయి.

పాతస్పానర్

చాలుగీత తమ్ముడూ, నువ్వు ఒక ప్రశ్న అడిగాననుకుంటున్నావు. అందులో నాలుగున్నాయి. వెనక తేలిపోవడం, స్టీరింగ్ బరువెక్కడం, బ్రేకు పట్టకపోవడం, పక్కకు ఒరగడం. మా షెడ్డుకొచ్చే వాళ్లంతా ఇలాగే అన్నీ కలిపి ‘బండి ఊగుతోంది’ అంటారు. నీళ్లు వీటిలో మొదటిదానికీ మూడోదానికీ మందు. నాలుగోదానికి సగం మందు. రెండోదానికి అసలు పనికిరాదు. ఎందుకో చెబుతాను, కాస్త ఓపిగ్గా చదువు.

ముందు ఇరుసుకీ వెనక ఇరుసుకీ మధ్య 2 మీటర్లు అనుకుందాం. బకెట్‌లో 500 కేజీల మట్టి ఉంది, అది ముందు ఇరుసుకు ఒకటిన్నర మీటరు అవతల వేలాడుతోంది. 500ని 1.5తో గుణించి 2తో భాగించు, 375 వస్తుంది. అంటే వెనక చక్రాల మీద నుంచి 375 కేజీల బరువు లేచిపోయింది. ఎక్కడికి పోయింది? ముందుకు. బకెట్‌లోని 500, వెనక నుంచి వచ్చిన 375, కలిపి 875 కేజీలు నీ ముందు ఇరుసు మీద అదనంగా కూర్చున్నాయి. ఖాళీ బకెట్, లోడర్ చేతుల బరువు ఇందులో కలపలేదు, అది వేరే. మరి స్టీరింగ్ బరువెక్కదా?

ఇప్పుడు నీళ్ల సంగతి. 13.6-28 టైరులో ముప్పావు వంతు నింపితే సుమారు 200 లీటర్లు పడతాయి, టైరు కంపెనీని బట్టి కాస్త అటూ ఇటూ. రెండు టైర్లకు కలిపి 400 కేజీలు. వెనక పోయిన 375 తిరిగొచ్చేసింది, బాగానే ఉంది. మరి ముందు? ఆ 875 అలాగే ఉంది. ఒక్క కేజీ తగ్గలేదు. ఎందుకంటే నీళ్లు ఉన్నది సరిగ్గా వెనక ఇరుసు దగ్గరే. ముందు భాగాన్ని లేపాలంటే బరువు వెనక ఇరుసుకు ఇంకా వెనక ఉండాలి. డిస్కుకు బిగించే ఇనుప వెయిట్లదీ ఇదే కథ.

అదే 400 కేజీల దిమ్మెను వెనక లింకులకు (పనిముట్లు తగిలించే మూడు చేతులకు) తగిలించి ఇరుసుకు 1 మీటరు వెనక వేలాడదీశావనుకో. వెనక చక్రాల మీద 600 కేజీలు పడతాయి, ముందు నుంచి 200 కేజీలు లేచిపోతాయి. ముందు 875 కాస్తా 675 అవుతుంది. కింగ్‌పిన్నులు (స్టీరింగ్‌కు ముందు చక్రాలు తిరిగే పిన్నులు), హబ్ బేరింగులు, ముందు టైర్లు బతికి బట్టకడతాయి. లోడర్ బిగించుకుని వెనక ఏమీ తగిలించని బండ్లకు ముందు ఇరుసు రిపేరు చేసీ చేసీ విసుగొచ్చింది నాకు. కాబట్టి లోడర్ పనికి నా మాట ఇది: మొదట వెనక దిమ్మె, తర్వాతే నీళ్లు. రెండూ ఉంటే మరీ మంచిది.

దిమ్మె కోసం కంగారు పడక్కర్లేదు. పాత 200 లీటర్ల డ్రమ్ములో కాంక్రీటు పోస్తే 480 కేజీల దాకా తూగుతుంది, కాస్త తక్కువగా పోస్తే నీకు కావాల్సిన 400. పొయ్యక ముందే అడ్డంగా ఒక గట్టి ఇనుప కడ్డీ, పైన టాప్ లింకుకు ఒక చెవి పెట్టించు. కడ్డీ చివర్లు నీ లింకుల బంతుల్లో సరిగ్గా కూర్చోవాలి. లింకుల సైజును కేటగిరీ అంటారు, ఒకటో కేటగిరీ అయితే 22 మిల్లీమీటర్ల పిన్ను, రెండోది అయితే 28. కొలిచి చేయించు. 22 పిన్ను 28 బొక్కలో పెట్టుకుని తిరిగే మహానుభావులున్నారు, దారిలో ఆ చప్పుడు వింటే చాలు నాకు ఒళ్లు మండిపోతుంది. నీ హైడ్రాలిక్ ఎంత బరువు లేపుతుందో పుస్తకంలో ఉంటుంది, అదీ చూసుకో. నడిపేటప్పుడు దిమ్మెను నేలకు తగలనంత ఎత్తులో ఉంచితే చాలు, ఆకాశంలో ఊపుకుంటూ పోనక్కర్లేదు.

బ్రేకు గురించి. ఇలాంటి టూ వీల్ డ్రైవ్ బండికి బ్రేకులుండేది వెనక చక్రాలకే. బకెట్ బరువుకు వెనక తేలికైపోతే బ్రేకు ఎంత గట్టిగా పట్టుకున్నా టైరుకు నేల దొరకదు. నువ్వు చూసింది అదే. వెనక బరువు పెడితే ఇది దానంతటదే సర్దుకుంటుంది. బ్రేకులు విప్పించి లైనింగులు మార్పించేవాళ్లున్నారు, అవసరం లేదు.

ఇక గట్టు మీద ఒరగడం. ఇది నాకు నచ్చని విషయం, అందుకే కాస్త ఎక్కువ రాస్తాను. నీ ముందు ఇరుసు మధ్యలో ఒక పిన్ను మీద అటూ ఇటూ ఊగుతుంది, చూశావు కదా. గుంతలో ఒక చక్రం దిగినా బండి ఒరగకుండా ఉండటానికి ఆ ఏర్పాటు. దాని వల్ల పక్కకు ఒరిగే విషయంలో నీ బండి నాలుగు చక్రాల మీద నిలబడినట్టు కాదు. రెండు వెనక చక్రాలు, ముందు ఆ పిన్ను, ఈ మూడింటి మీద నిలబడినట్టు. పైనుంచి చూస్తే త్రికోణం. వెనక వెడల్పు, ముందుకు పోయేకొద్దీ సన్నం. బండి బరువు మధ్యబిందువు ఆ త్రికోణం లోపల ఉన్నంతసేపు ఏమీ కాదు. బకెట్‌లో బరువెత్తితే ఆ బిందువు ముందుకు, అంటే సన్నంగా ఉన్న వైపుకు జరుగుతుంది. బకెట్ పైకెత్తితే బిందువు కూడా పైకెక్కుతుంది. దానికి తోడు నువ్వు వాలు మీద అడ్డంగా పోయావు. మూడూ ఒకేసారి కలిశాయి, పైవైపు చక్రం లేచింది. ఊగే ఇరుసు దాని ఆపుడు దగ్గర తగిలేదాకా ముందు చక్రాలు నిన్ను ఆపవు. తగిలే సమయానికి బండి పడిపోయే ఊపులో ఉంటుంది.

వెనక నీళ్లు, వెనక దిమ్మె ఆ బిందువును మళ్లీ వెనక్కి, వెడల్పు వైపుకు లాగుతాయి. నీళ్లు టైరు అడుగున ఉంటాయి కాబట్టి బిందువు కాస్త కిందికి కూడా దిగుతుంది. అందుకే సగం మందు అన్నాను. మిగతా సగం చక్రాల వెడల్పు, నీ నడక. వెనక చక్రాలను ఎంత వెడల్పుకు జరపగలవో అంత జరుపు. వాలు మీద బకెట్ మోకాలెత్తు దాటనివ్వకు. అడ్డంగా పోకు, నిలువుగా ఎక్కు, నిలువుగా దిగు. బరువుతో ఎక్కేటప్పుడు బకెట్ ఎత్తు వైపు ఉండాలి. దిగేటప్పుడు కూడా బకెట్ ఎత్తు వైపే ఉంచి రివర్సులో దిగు. బండికి రోల్ బార్ (తిరగబడితే మనిషిని కాపాడే ఇనుప చట్రం) ఉంటే సీటు బెల్టు పెట్టుకో. రోల్ బార్ లేకపోతే ఆ గట్టు మీదికే పోకు.

గేర్‌బాక్స్ సంగతి అడిగావు. లోడర్‌తో మామూలుగా తిరిగితే భయం లేదు. మోతాదు మించి బరువు పెట్టి, నెమ్మది గేర్లో గొర్రు ఈడిస్తే అప్పుడు భయం. బండి తేలికగా ఉంటే లోడు ఎక్కువైనప్పుడు చక్రం జారి గేర్లను కాపాడుతుంది. మరీ బరువైతే చక్రం జారదు, ఆ దెబ్బంతా వెనక రిడక్షన్ గేర్ల మీద పడుతుంది.

చాలుగీత

అన్నా, ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు. దిమ్మె ముందు చేయిస్తాను. నీళ్లు కూడా పట్టిద్దామనుకుంటున్నా. ముప్పావు వంతే ఎందుకు, పూర్తిగా నింపితే ఏమవుతుంది? ఇంట్లోనే పట్టించుకోవచ్చా? వెడల్పు ముందు మార్చాలా, నీళ్లు ముందు పట్టాలా?

పాతస్పానర్

వెడల్పే ముందు. నీళ్లు పట్టిన చక్రం విప్పడమంటే ఏంటో తెలియక అడిగావు. టైరు, రిమ్ము, డిస్కు బరువుకు తోడు లోపల 200 కేజీలు అటూ ఇటూ దొర్లుతుంటాయి. నిలబెట్టిన చక్రం ఒక్కసారి వాలడం మొదలుపెడితే మనుషులు పట్టుకుని ఆపలేరు. కాబట్టి ఖాళీగా ఉన్నప్పుడే రిమ్ములూ డిస్కులూ తిప్పుకుని వెడల్పు పెంచు. తిప్పేటప్పుడు ఒకటి గుర్తుంచుకో: రిమ్ము తిరగేస్తే టైరు గుబ్బల దిశ కూడా తిరగబడుతుంది. అప్పుడు ఎడమ చక్రం కుడికి, కుడిది ఎడమకు మార్చాలి. వెనక నిలబడి టైరు పైభాగం చూస్తే గుబ్బల మొన ముందుకు చూస్తూ ఉండాలి. బోల్టులు బిగించాక కొద్దిసేపు నడిపి మళ్లీ బిగించు, మొదటి రోజు తప్పకుండా వదులవుతాయి.

ముప్పావు ఎందుకంటే, గాలి నలుగుతుంది, నీళ్లు నలగవు. నిండా నీళ్లుంటే టైరుకు స్ప్రింగు ఉండదు. రాయెక్కితే ఆ దెబ్బ టైరు గోడకు, రిమ్ముకు, నీ నడుముకు నేరుగా తగులుతుంది. పైన పావు వంతు గాలి ఉంటే అది దిండులా పనిచేస్తుంది. ఇందుకు కొలతలేవీ అక్కర్లేదు, వాల్వే కొలబద్ద. చక్రం తిప్పి వాల్వు సరిగ్గా పైన, గడియారంలో 12 దగ్గర ఉండేలా ఆపు. నీళ్లు వాల్వు మట్టానికి వచ్చాయంటే ముప్పావు నిండినట్టు.

పట్టించే తీరు ఇది. గట్టి నేల మీద బండి నిలిపి, ముందు చక్రాలకు రాళ్లు పెట్టి, వెనక ఇరుసు కింద జాకీ పెట్టి టైరు నేలకు అంటీ అంటనట్టు లేపు. జాకీ ఒక్కదాన్నే నమ్మకు, పక్కన దుంగ పెట్టు. వాల్వు పైకి తెచ్చి దాని లోపలి పిన్ను విప్పు, గాలంతా పోనీ. ట్రాక్టర్ ట్యూబులకు మామూలుగా నీళ్లు, గాలి రెండూ పోయే పెద్ద వాల్వు ఉంటుంది. పిన్ను ఉండే లోపలి గొట్టం కూడా విప్పితే బొక్క పెద్దదవుతుంది, నీళ్లు తొందరగా పోతాయి. ఆ గొట్టం ఊడాక ట్యూబు వాల్వు లోపలికి జారిపోకుండా చేత్తో పట్టుకో. జారిందో, టైరు విప్పాల్సిందే.

నీళ్లు పట్టే అడాప్టర్ దొరికితే హాయి. ఒకవైపు నీళ్లు పోతుంటే ఇంకోవైపు లోపలి గాలి వదులుకోవచ్చు. లేకపోతే పైపు బిగించి కాసేపు పట్టి, పైపు తీసి గాలి వదిలి, మళ్లీ పట్టాలి. పైపు తీసినప్పుడు ముందు బుస్సుమని ఉత్త గాలి వస్తుంది. కాసేపయ్యాక గాలితోపాటు తుంపర్లు పడతాయి. చివర్లో గాలి ఆగి, నీళ్లు సన్నగా పొర్లుతూ చెయ్యి తడుపుతాయి. అక్కడ ఆపు. మోటారు పంపుతో ఒత్తిడి పెట్టకు, ట్యూబు లోపల ఎంత ఉబ్బిందో బయటికి కనిపించదు. ఇంటి మీద ట్యాంకు నుంచి వచ్చే ధార చాలు. ఆలస్యమవుతుంది, అయితే ఏం? టీ తాగి రా. పిన్ను బిగించి గాలి పట్టి, పుస్తకంలో ఉన్న ప్రెషరుకు తీసుకురా. రెండు టైర్లకూ ఒకే మట్టం ఉండాలి. బురద నీళ్లు పట్టకు, వాల్వు పిన్నులో ఇసుక రేణువు ఇరుక్కుంటే గాలి నిలవదు.

చలిగాలి

ఒక మాట కలుపుతాను. మాది చలికాలంలో నీళ్లు గడ్డకట్టే చోటు. ఇక్కడ ఉత్త నీళ్లు పనికిరావు. గడ్డకట్టిన టైరుతో బండి కదిపితే ట్యూబు చిరిగి, టైరు లోపలి గోడ దెబ్బతింటుంది. అందుకే కాల్షియం క్లోరైడు కలుపుతారు. చిక్కగా కలిపితే లీటరు 1.2 కేజీల పైనే తూగుతుంది, అంటే అదే టైరులో ఇంకా ఎక్కువ బరువు పడుతుంది. ఉప్పు కలపమని చాలుగీత గారికి చెప్పింది ఎవరో గానీ, ఇలాంటి చోటు వాళ్లే అయ్యుంటారు.

చిక్కంతా తుప్పుతో. ట్యూబుకు గుండుసూది మొనంత రంధ్రం పడినా ఆ నీళ్లు రిమ్ముకూ ట్యూబుకూ మధ్య చేరి ఇనుమును తినేస్తాయి. బయటికి ఏమీ కనిపించదు. రిమ్ము అంచున తెల్లటి పొడి, వాల్వు చుట్టూ ఎర్రటి మరక కనిపించేసరికి ఆలస్యమైపోయి ఉంటుంది. కలిపేటప్పుడు కూడా జాగ్రత్త. నీళ్లలో కాల్షియం క్లోరైడును కొద్దికొద్దిగా వెయ్యాలి తప్ప, దాని మీద నీళ్లు పొయ్యకూడదు. బాగా వేడెక్కుతుంది. డ్రమ్ములో కలిపి, చల్లారాక టైరులోకి పట్టాలి. కళ్లద్దాలు, చేతి తొడుగులు తప్పనిసరి.

మేమిప్పుడు చక్కెర దుంపల నుంచి వచ్చే ద్రావణం వాడుతున్నాం. తుప్పు పట్టించదు, గడ్డకట్టదు, నీళ్ల కంటే బరువు. ఖరీదే ఎక్కువ. కొందరు కారు రేడియేటర్‌లో పోసే ఇథిలీన్ గ్లైకాల్ పోస్తారు, దయచేసి పొయ్యకండి. తియ్యగా ఉంటుంది, కారితే కుక్కలూ పశువులూ నాకుతాయి, విషం.

పాతస్పానర్

చలిగాలి గారు చెప్పింది అక్షరాలా నిజం. మంచు పడని చోట ఉప్పు మాటే ఎత్తొద్దు. ఉత్త నీళ్లతో కూడా రిమ్ము తుప్పు పడుతుంది, కానీ నెమ్మదిగా. ట్యూబు గట్టిగా ఉన్నంతకాలం భయం లేదు.

ట్రక్కుబండి

స్పానర్ గారూ, మీరు చెప్పేవన్నీ లోడర్ బండికి. మాకు ఈడ్పు పని. లోడుతో దిగబడిన ట్రక్కును లాగేటప్పుడు ముందు చక్రాలు జానెడు లేస్తుంటాయి. అందుకే నీళ్లు పోశాను, ఇప్పుడు టైరు చక్కగా పట్టుకుంటోంది. ఏడాదంతా ఉంచితే నష్టమేంటి?

పాతస్పానర్

బాబూ, ముందు చక్రాలు లేస్తున్నాయని వెనక బరువు పెంచావా? ఇదివరకు లోడు మించితే చక్రం గిర్రున తిరిగి నీకు ‘ఇక చాలు’ అని చెప్పేది. ఇప్పుడు టైరు నేలను వదలదు. ఇంజను బలమంతా బండిని ఇరుసు చుట్టూ తిప్పడానికి పోతుంది, ముక్కు ఇంకా పైకి లేస్తుంది. లేవడం మొదలైతే వెనక్కి రాని దశకు చేరడానికి ఒక్క సెకను కూడా పట్టకపోవచ్చు. క్లచ్ తొక్కుదామని అనుకునేలోపే అయిపోతుంది. ముందు బంపరుకు వెయిట్లు పెట్టు, నీ బండికి కావాల్సింది అవి. స్టీరింగ్ మాట వినాలంటే మొత్తం బరువులో కనీసం ఐదో వంతు ముందు చక్రాల మీద ఉండాలి. లాగడానికి గొలుసు డ్రాబార్‌కే (వెనక కిందుండే లాగుడు పట్టీకే) వెయ్యి. టాప్ లింకు చెవికో, ఇరుసుకో, అంతకంటే పైన ఎక్కడో కట్టావంటే ట్రాక్టర్ వెనక్కి తిరగబడుతుంది. దిగబడిన ట్రక్కును ఒక్క ఊపున కుదిపి లాగొద్దు. కొంత లోడు దించి లాగు.

ఏడాదంతా ఉంచితే నష్టం ఏంటంటే, అక్కర్లేని 400 కేజీలను రోజూ మోస్తున్నావు. దానికీ డీజిల్ కాలుతుంది. తడి నేలలో ఇరుసు మీద బరువు ఎంత ఎక్కువుంటే నేల అంత లోతున గట్టిపడుతుంది, ఆ గట్టిదనం గొర్రుకు అందదు. టైరులో గాలి తగ్గిస్తే పైపొర బాగుపడుతుంది తప్ప లోతున ఏమీ మారదు. దమ్ములోకి దిగే బండిలో అయితే నీళ్లు ఉండనే కూడదు. రోడ్డు మీద వేగంగా పోతే నీళ్ల టైరు బండిని ఎగరేస్తుంది, అది నువ్వూ చూసే ఉంటావు.

దుక్కికి బరువు కావాలో వద్దో అని వాదించుకోవడం దేనికి, కొలవొచ్చు. టైరు పక్కన సుద్దతో గీత గియ్యి. గొర్రు నేలలో దించి, మామూలు గేర్లో, చక్రం సరిగ్గా 10 చుట్లు తిరిగేంత దూరం నడిపించు. మొదట్లో, చివర్లో కర్రలు పాతు. ఇప్పుడు గొర్రు ఎత్తేసి అదే దూరం నడిపించి చుట్లు లెక్కపెట్టు. 8న్నర చుట్లకే చేరితే స్లిప్, అంటే చక్రం జారడం, 15 శాతం. దుక్కిలో టూ వీల్ డ్రైవ్‌కు 10 నుంచి 15 శాతం మధ్య ఉంటే బరువు సరిపోయినట్టు. 20 దాటితే డీజిల్, టైరు రెండూ మట్టిపాలు. 7, 8 కంటే తక్కువుంటే బరువు ఎక్కువైనట్టు, తగ్గించు.

కొలిచే తీరిక లేకపోతే టైరు అచ్చు చూడు. గుబ్బల గుర్తులు అచ్చు గుద్దినట్టు చెక్కుచెదరకుండా పడితే బరువెక్కువ. గుర్తులన్నీ చెరిగిపోయి నేల దున్నినట్టుంటే తక్కువ. మధ్యలో గుర్తు కనిపిస్తూ అంచుల దగ్గర మట్టి కాస్త జరిగి ఉంటే సరిగ్గా ఉంది.

చాలుగీత

అన్నా, అప్‌డేట్ ఇస్తున్నా. డ్రమ్ము దిమ్మె చేయించాను. నా లింకులకు 22 పిన్ను, కొలిచే చేయించాను. అది తగిలించుకుని బకెట్ ఎత్తితే స్టీరింగ్‌లో తేడా వెంటనే తెలిసింది. వెనక చక్రాలు తిప్పి వెడల్పు కూడా పెంచాను. గట్టు మీద ఇప్పుడు నిలువుగానే పోతున్నా, అడ్డంగా పోవడం మానేశాను.

నీళ్లు పట్టక ముందే గొర్రుతో సుద్ద గీత లెక్క చూశాను. గొర్రు దించి 10 చుట్లు, ఎత్తేస్తే 8. అంటే 20 శాతం. అందుకని నీళ్లు కూడా పట్టించి మళ్లీ చూస్తే 8 ముప్పావు చుట్ల పైన వచ్చింది, 12 శాతం దగ్గర. దున్నే చోట నేల పొడిగానే ఉంది కాబట్టి ఇప్పటికి ఉంచుదామనుకుంటున్నా.

ఒక చిక్కొచ్చింది. గాలి చూద్దామని గేజి పెడితే నీళ్లు చిమ్మింది, రీడింగ్ ఒకసారి ఒకలా, ఇంకోసారి ఇంకోలా చూపిస్తోంది. రెండు రోజులకే ఒక టైరులో గాలి బాగా తగ్గినట్టుంది. లీకా?

పాతస్పానర్

20 నుంచి 12కి వచ్చిందంటే లెక్క బాగుంది, ఇక నీళ్లు పెంచకు. నాటు పనికి ముందు మాత్రం తీసెయ్. వాల్వు అడుగుకు తెచ్చి పిన్ను విప్పితే చాలావరకు వాటంతటవే పోతాయి. మిగిలినవి కావాలంటే వాల్వులోంచి సన్న గొట్టం దూర్చి, గాలి పట్టి నెట్టించాలి.

రీడింగ్ మారడానికి కారణం వాల్వు ఎక్కడుందన్నది. వాల్వు కిందుంటే గాలి ఒత్తిడికి పైన నీళ్ల బరువు కూడా కలిసి ఎక్కువ చూపిస్తుంది. ఎప్పుడూ వాల్వు పైకి తెచ్చే చూడు. నీళ్లు తగిలినా చెడని గేజి విడిగా దొరుకుతుంది, అది తీసుకో. నీ పాత గేజి ఇక నమ్మకు.

గాలి తగ్గడం లీకే కానక్కర్లేదు. పట్టేటప్పుడు నీళ్లలో బుడగలుగా ఇరుక్కున్న గాలి మెల్లగా పైకి చేరుతుంది. పైగా ఇప్పుడు నీ టైరులో గాలి ఉన్నది పావు వంతే. ఉత్త గాలి టైరులో లెక్కలోకి రానంత చిన్న నష్టం కూడా ఇందులో ప్రెషరును బాగా దించేస్తుంది. మళ్లీ పట్టి వారం చూడు, రోజూ పొద్దున్నే, బండి కదపక ముందు. అప్పటికీ అదే టైరు తగ్గుతుంటే వాల్వు మీద సబ్బు నీళ్లు వెయ్యి. బుడగ వస్తే పిన్ను మార్చు. బుడగ రాకుండా తగ్గుతుంటే ట్యూబే. అప్పుడు నీళ్లన్నీ తీశాకే చక్రం విప్పు.